చేదు మొగ్గలు

ఆల్చిప్ప తెరిచాక లోపల మిగిలే ఉప్పునీటిని చెంచాతో నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, తినొచ్చో తినకూడదో చెప్పడం ఎస్తేరు రాణి పని. మైక్రోబయాలజీలో డాక్టరేటు పుచ్చుకున్న మనిషి చేయాల్సిన పనిలా అది ఎవరికీ కనిపించదు. చినమొగ ఊళ్ళో మాత్రం ఆ పూట ఎంతమంది మొహాలు వెలుగుతాయో, ఎంతమందివి వాడిపోతాయో ఆమె ఉమ్మేసే తీరును బట్టే తెలిసిపోయేది.

ఆ ఉదయం కూడా రేకుల షెడ్డులో బల్ల ముందు కూర్చుని, ఒక చిప్పలో నీళ్ళు నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. బల్లకు అవతల నూకరత్నం ఊపిరి బిగబట్టి నిలబడింది. ఉప్పుటేటిలో తాళ్ళు కట్టి ఆల్చిప్పలు పెంచే ఆడవాళ్ళ సంఘానికి నూకరత్నం పెద్ద. నడివయసు దాటినా ఇప్పటికీ నడుములోతు నీళ్ళలోకి అందరికన్నా ముందు దిగేది ఆమే.

ఎస్తేరు పక్కనున్న సింకులో ఉమ్మేసి, గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించింది.

"ఇది వద్దు రత్నం."

"ఏటి డాక్టరమ్మా, ఇదీ వద్దా? నిన్నా ఒద్దన్నారు. మొన్నా ఒద్దన్నారు. నీళ్ళు అయ్యే, ఏరు అదే. చిప్పలు మట్టుకు రోజురోజుకీ పాడైపోతన్నాయా?"

"చేదుగా ఉంది."

"బాగా చేదా, కొంచెమా?"

ఎస్తేరు చిప్పను తిరిగి ట్రేలో పెట్టేసింది. ఎంత చేదో ఆమెకే సరిగ్గా తెలియదు. మొదట్లో ఆ చేదు నాలుక మీద ఇనప మేకు పెట్టినట్టు కచ్చితంగా తగిలేది. ఈమధ్య మరోరకం చేదు మొదలైంది. పలచగా, దూరంగా, మందు బిళ్ళ మింగిన గంటకు నోట్లో మిగిలే రుచిలా. ఉందంటే ఉంది, లేదంటే లేదు.

నూకరత్నం ట్రేను విసురుగా ఎత్తుకుని బయటికి పోయింది. ఎస్తేరు వద్దన్న చిప్పల్ని ఉడకబెట్టి, మాంసం తీసి, సంతలో అమ్ముకోవాలి. వచ్చేది అంతంతమాత్రం. ఎస్తేరు సరేనన్నవి మాత్రం ప్రాణంతో ఉండగానే మంచులో పెట్టి నగరంలోని పెద్ద హోటళ్ళకు పంపుతారు. అక్కడ వాటి మీద నిమ్మరసం పిండి, పచ్చిగానే జుర్రుకుంటారు. ఆ అలవాటు ఈ తీరానికి కొత్తగా వచ్చింది. దాని వెనకే చావులూ వచ్చాయి. సముద్రం వేడెక్కిన కొద్దీ నీళ్ళలో విబ్రియో అనే బ్యాక్టీరియా పెరిగింది. ఆల్చిప్ప రోజంతా నీళ్ళు వడగట్టుకుని బతికే ప్రాణి కనుక, నీళ్ళలో ఉన్నదల్లా దాని కడుపులో చేరుతుంది. చూస్తే తేడా కనిపించదు. వాసనలోనూ తెలియదు. ఒంట్లో గట్టిగా ఉన్నవాడికి నాలుగు విరేచనాలతో పోతుంది. కాలేయం దెబ్బతిన్నవాడికో, చక్కెర జబ్బున్నవాడికో అదే రక్తంలోకి ఎక్కి రెండు రోజుల్లో మనిషిని తీసుకుపోతుంది. ల్యాబులో సూక్ష్మజీవుల్ని పెంచి చూసే కల్చర్ ప్లేటు మీద పరీక్ష చేయొచ్చు గాని, మూడో రోజుకు ఫలితం వచ్చేసరికి సరుకు పాతబడిందని హోటలు వాళ్ళు వద్దనేవారు.

అందుకే ఎస్తేరు తన నాలుక నుంచి కొన్ని కణాలు తీసి, గాజు పళ్ళెంలో పెంచి, విబ్రియో వదిలే రసాయనం తగిలితే చేదుగా స్పందించేలా వాటిని మార్చింది. కందిబద్దంత ఆ ముక్కను తిరిగి తన నాలుక అంచునే అతికించుకుంది. ల్యాబులో అందరూ వాటిని చేదు మొగ్గలనేవారు. ఆమెతో పాటు మరో ఇద్దరు పెట్టించుకున్నారు. ఏడాది తిరక్కుండానే ఇద్దరూ తీయించేసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ ముందుకు రాలేదు. ఆరేళ్ళుగా ఆ షెడ్డులో ఎస్తేరు ఒక్కతే మిగిలింది.

* * *

ఆ ఇద్దరూ ఎందుకు తీయించుకున్నారో ఎస్తేరుకు మూడో ఏట అర్థమైంది. కందిబద్దంత మొగ్గలు బొటనవేలి గోరంత అయ్యాయి. పెరగడమే కాదు, వాటికి విబ్రియో ఒక్కటే శత్రువు కాకుండా పోయింది. ముందు పెరుగు చేదైంది. తర్వాత ఇడ్లీ పిండి, బావి నీళ్ళు, కోసి కాసేపు ఉంచిన మామిడిపండు. ప్రాణమున్న ఏ సూక్ష్మజీవి తగిలినా నోరు ముడుచుకుపోయేది. పొయ్యి మీది నుంచి దించిన అన్నాన్ని పొగలు పోకముందే తినాలి. ఆరితే తినలేదు.

ఆమె భర్త దేవసహాయం హైస్కూల్లో లెక్కల మాస్టారు. వంట ఆయనే నేర్చుకున్నాడు. మధ్యాహ్నం ఎస్తేరు ఇంటికి వచ్చే వేళకు కుక్కరు ఆవిరి వదలకుండా అలాగే ఉంచేవాడు. ఆమె కంచం వేడినీళ్ళతో కడిగి, కూర గిన్నె పొయ్యి మీదే మరుగుతుండగా వడ్డించేవాడు. తను, కూతురు షారోను తర్వాత తినేవారు. ముగ్గురూ కలిసి తినడం ఎప్పుడు మానేశారో ఎవరికీ గుర్తులేదు.

"నిన్న చర్చిలో పాస్టరుగారు అడిగారు, ప్రభువు సంస్కారంలో రొట్టె ఎందుకు తీసుకోవడం లేదని," అన్నాడు దేవసహాయం గరిటె పక్కన పెడుతూ.

"ఏం చెప్పారు?"

"ఒంట్లో బాగోలేదన్నాను. ఎన్నాళ్ళని చెప్పను ఎస్తేరూ?"

ఆమె అన్నం ఊదుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. అంగిలి కాలింది. కాలడం ఆమెకు అలవాటే.

షారోను పుస్తకాల సంచి భుజాన వేసుకుని వంటింట్లోకి తొంగిచూసింది. పదేళ్ళ పిల్ల. "అమ్మా, వెళ్ళొస్తా," అంది గుమ్మంలోంచే. దగ్గరికి రాలేదు. ఆరేళ్ళ వయసులో ఒకసారి పరుగున వచ్చి తల్లి పెదాల మీద ముద్దు పెడితే, తల్లి మొహం చిట్లించి సింకు దగ్గరికి పరిగెత్తడం ఆ పిల్ల చూసింది. ఆ తర్వాత ఎస్తేరు ఎన్నిసార్లు పిలిచినా పిల్ల చెంప అందించేదే గాని, తనంతట తాను పెదాలు చాచలేదు.

"తీయించేసుకో," అన్నాడు దేవసహాయం, పిల్ల వెళ్ళాక.

"తీస్తే మామూలు రుచి కూడా పోవచ్చు. కొంచెమైనా మిగులుతుందని డాక్టర్లు హామీ ఇవ్వడం లేదు."

"ఇప్పుడేం మిగిలిందని?"

ఆ మాటకు ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఒళ్ళంతా బరువుగా, తడిసిన దుప్పటి కప్పుకున్నట్టుంది. "అక్కడ నలభై కుటుంబాలు నా మీద ఆధారపడ్డాయండీ," అంది. ఆ మాట ఎన్నోసార్లు అన్నదే. ఈసారి అంటుంటే తనకే పాఠం అప్పజెప్పినట్టనిపించింది.

* * *

పరిశోధన కేంద్రం డైరెక్టరు శేషగిరి ఎస్తేరుకు సీనియరు. మాట నెమ్మది. ఆమె వద్దంటున్న ట్రేల సంఖ్య పెరిగిపోవడంతో సంఘం వాళ్ళు ఆయన దగ్గరికి వెళ్ళి మొత్తుకున్నారు. కొత్తగా శీతలీకరణ తొట్లు కూడా వచ్చాయి. ఏటిలోంచి తీసిన చిప్పల్ని వాటిలో, చల్లటి శుభ్రమైన నీళ్ళలో ఒక రాత్రి ఉంచితే కడుపులోని మలినమంతా వదిలేస్తాయి. తొట్లు వచ్చాక సరుకు మెరుగుపడాలి. ఎస్తేరు నాలుక ప్రకారం అది దిగజారింది.

"కళ్ళకు గంతలు కట్టి పరీక్ష పెడదామా?" అన్నాడు శేషగిరి. "నీ మీద అనుమానంతో కాదమ్మా. నీ నాలుకకు ఎంత వయసొచ్చిందో తెలుసుకోవడానికి."

ఏ చిప్ప ఎక్కడిదో తెలియకుండా ఆమె రుచి చూసింది. అవే చిప్పల ముక్కల్ని కల్చర్ ప్లేట్ల మీద వేశారు. మూడో రోజు ఇద్దరూ ప్లేట్లు ముందేసుకుని కూర్చున్నారు. నిజంగా చెడ్డవాటిని ఎస్తేరు ఒక్కటీ వదల్లేదు. ఏటిలోంచి నేరుగా తెచ్చిన చిప్పల ప్లేట్ల మీద విబ్రియో పచ్చటి చుక్కలై గుంపులు గుంపులుగా మొలిచింది. కాని తొట్లలోంచి తెచ్చినవాటిని కూడా ఆమె సగానికి పైగా వద్దంది. ఆ ప్లేట్లు మాత్రం అద్దంలా ఖాళీగా ఉన్నాయి.

శేషగిరి ఖాళీ ప్లేట్లను ఆమె వైపు జరిపాడు. "అలసిపోయింది ఎస్తేరూ, నీ నాలుక. లేనిది కూడా ఉందంటోంది."

ఆమె ఆ ఖాళీ ప్లేట్ల వైపు చూసింది. అవమానం కలగాల్సిన చోట హాయి కలిగింది. తప్పు నాలుకదైతే, ఇక దాన్ని మోయనక్కర్లేదు. ఆ పలచని చేదు ఏమిటని ఆలోచించనక్కర్లేదు. తొట్లు వచ్చాకే అది ఎందుకు మొదలైందన్న ప్రశ్న ఒకటి మనసులో ఓ మూల కదిలింది. ఇంకో రోజైతే, ఇంకో వయసులో అయితే, ఆ ప్రశ్న వెంటపడి ఉండేది. ఆ రోజు దాన్ని కదలనివ్వలేదు.

"మొగ్గలు తీసే ఆపరేషనుకు పేరు రాయించుకుంటాను సార్," అంది.

"మంచిది. ఈలోగా గట్టి చేదు తగిలితేనే వద్దని చెప్పు. మిగతాది తొట్లు చూసుకుంటాయి."

* * *

ఎస్తేరు నాలుక దెబ్బతిందన్న మాట హోటళ్ళ దాకా పాకింది. కొనేవాళ్ళు వెనకాడారు. వాళ్ళ భయం పోగొట్టడానికి నూకరత్నమే ఒక ఉపాయం ఆలోచించింది. తొట్ల షెడ్డు దగ్గర షామియానా వేయించి, హోటళ్ళ మేనేజర్లను, టీవీ వాళ్ళను పిలిపించింది. ఎస్తేరు రుచి చూసి సరేనన్న చిప్పను అందరి ముందూ తనే తింటానంది.

ఈ ఊళ్ళో ఎవరూ పచ్చిది తినరు. నూకరత్నం కూడా ఎన్నడూ తినలేదు. జరీ అంచు చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది.

"ఎలా మింగాలో సెప్పండి డాక్టరమ్మా. జారుడుగా ఉంటాదంట గదా. మా ఆడోళ్ళు నవ్వుతన్నారు," అంది నవ్వుతూ, బల్ల ముందు నిలబడి.

ఎస్తేరు ట్రేలోంచి ఒక చిప్ప తీసి తెరిచి, నీళ్ళు నాలుక మీద వేసుకుంది. ఉప్పు. దాని వెనకాల, చాలా వెనకాల, ఆ పలచని చేదు.

అందరూ చూస్తున్నారు. కెమెరా ఆమె మొహం మీదే ఉంది. నూకరత్నానికి చక్కెర జబ్బుందని ఎస్తేరుకు తెలుసు. మాత్రలు తనే ఒకసారి పట్నం నుంచి తెచ్చి ఇచ్చింది. నోరు తెరిచి వద్దని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. వద్దంటే మళ్ళీ అదే గొడవ. మళ్ళీ ప్లేట్లు, మళ్ళీ ఖాళీ ప్లేట్లు, అందరి కళ్ళల్లో ఆ జాలి. లేనిది ఉందంటోంది నా నాలుక, అనుకుంది.

"బాగుంది," అంది.

చప్పట్లు మోగాయి. నూకరత్నం ఆ ట్రేలోంచే ఒక చిప్ప తీసుకుని నిమ్మరసం పిండి, కళ్ళు గట్టిగా మూసుకుని గుటుక్కున మింగింది. "ఏటీ లేదు, సముద్రం మింగినట్టుంది," అంది కెమెరా వైపు తిరిగి. అందరూ నవ్వారు.

* * *

మర్నాడు సాయంత్రం నూకరత్నం భర్త పోలయ్య ఫోన్ చేశాడు.

"జొరమమ్మా. పొద్దుట్నుంచి ఒకటే వణుకు. ఎడం కాలు పట్టుకోనివ్వట్లేదు, అరుస్తంది. ఊళ్ళో డాక్టరుగారు ఆసుపత్రికి ఎల్లమంటే పట్నం తీసుకొచ్చీసేం. విష జొరమంటన్నారు."

ఎస్తేరు చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టింది. "కాలి మీద బొబ్బలున్నాయా?"

"ఉన్నాయమ్మా. నేరేడుపండు రంగులో. గంట కిందట లేవు."

దేవసహాయం మోటారు సైకిలు తీశాడు. ఎస్తేరు వెనక ఎక్కింది. ఆసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ ఒకామె నూకరత్నానికి సెలైను పెట్టించి, రక్తపరీక్ష ఫలితం కోసం చూస్తోంది. నూకరత్నం కళ్ళు తెరిచి ఉన్నాయి గాని ఎవరినీ గుర్తుపట్టడం లేదు. మోకాలి కింద చర్మం నల్లబడి ఉబ్బింది.

"ఇది విబ్రియో," అంది ఎస్తేరు. "ఫలితం దాకా ఆగొద్దు. ఇప్పుడే మందులు మొదలుపెట్టండి." ఏ రెండు మందులు కలిపి ఇవ్వాలో చెప్పింది. సర్జనును పిలవమంది.

"మీరెవరండీ? అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు? నిన్న ఆవిడ తిన్నది పరీక్ష చేసిన చిప్పే అని ఆయన చెబుతున్నారు," అంది డాక్టరు, పోలయ్యను చూపిస్తూ.

పోలయ్య ఎస్తేరు మొహంలోకి చూస్తున్నాడు. దేవసహాయం ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి ఆగాడు.

"పరీక్ష చేసింది నేనే," అంది ఎస్తేరు. "అందులో చేదు తగిలింది. తగిలినా బాగుందన్నాను."

డాక్టరు వెంటనే నర్సును కేకేసింది. పోలయ్య అక్కడే గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. ఎస్తేరు వైపు మళ్ళీ తల ఎత్తలేదు.

మందులు సమయానికి పడ్డాయి కనుక ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు. మోకాలి పై దాకా తీసేశారు.

* * *

ఆ మర్నాడే ఎస్తేరు ల్యాబుకు వెళ్ళింది. ప్లేట్లు ఖాళీగా ఉన్నాయని పక్కన పెట్టేసిన తొట్ల చిప్పల నమూనాలు ఇంకా ఫ్రిజ్‌లో ఉన్నాయి. వాటిని తీసి, ఒంటి వేడి ఎంత ఉంటుందో అంత వేడి ఉన్న, క్రిముల్ని పెంచే పోషక రసంలో వేసి, కదపకుండా ఉంచింది. శేషగిరి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె ఏం వెతుకుతోందో ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది.

రసం ఒక పూటలో మసకబారింది. మర్నాటికి పాలలా చిక్కబడింది. అందులోంచి ఒక చుక్క తీసి ప్లేటు మీద వేస్తే ఈసారి పచ్చటి చుక్కలు మొలిచాయి.

"నిద్రపోయాయి," అంది ఎస్తేరు. "మన తొట్లలో చలికి చావలేదు సార్. ముడుచుకుని పడుకున్నాయి. పడుకున్నది ప్లేటు మీద మొలవదు. మనిషి కడుపులో వేడి తగలగానే లేస్తుంది."

"నీ నాలుకకు మాత్రం నిద్రలో కూడా దొరికాయి."

"పలచగా. చాలా పలచగా." ఆమె స్టూలు మీద కూర్చుంది. "ఇలాంటివి నిద్రపోతాయన్నది పుస్తకాల్లో లేని సంగతేమీ కాదు. చదువుకున్నదాన్నే. తొట్లు వచ్చాకే ఆ చేదు వచ్చిందనీ తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. నా నాలుకే పాడైందంటే బాగుండుననిపించింది. అలసిపోయాను సార్, ఇంతకన్నా వేరే కారణం లేదు."

శేషగిరి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తప్పు నాది కూడా. ఆ ప్లేట్లు నమ్మమన్నది నేనే." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎస్తేరూ, ఇది అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. నిద్రపోయే క్రిమిని అప్పటికప్పుడు పట్టుకునే పరికరం ఇవాళ నీ నోట్లో తప్ప ఎక్కడా లేదు. ఆపరేషను... కొన్నాళ్ళు ఆపగలవా?"

ఆమె కోటు విప్పి కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్ళిపోయింది.

* * *

ఆసుపత్రి నుంచి వచ్చాక నూకరత్నం ఇంటి అరుగు మీదే కూర్చుంటోంది. ఎస్తేరు వెళ్ళేసరికి వల అతుకుతోంది. పోలయ్య ఆమెను చూసి లోపలికి పోయాడు. నూకరత్నం తలెత్తకుండానే అంది.

"మా ఆయన సెప్పేడు, ఆసుపత్రిలో మీరన్న మాట. సేదు తగిలినా బాగుందన్నారంట."

"అన్నాను రత్నం."

"ఎందుకూ?"

ఎస్తేరు దగ్గర చెప్పడానికి చాలా ఉంది. ప్లేట్లు, తొట్లు, నిద్ర. "విసుగొచ్చి," అంది.

నూకరత్నం చేతిలో సూది ఆగింది. "నాకూ ఇసుగొస్తాది. పీకల్లోతు నీళ్ళలో దిగినప్పుడు, సేతులు తెగినప్పుడు. ఇసుగొచ్చిందని పక్కదాని తాడు ఒగ్గీసేనా ఎప్పుడైనా?" గొంతు పెరిగింది. వీధిలో పోతున్నవాళ్ళు ఆగి చూశారు. "నేను నవ్వుకుంటా మింగేను గదా మీ మాట మీద. పూలెట్టుకొచ్చి మింగేను."

ఎస్తేరు నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

నూకరత్నం ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది. "ఇప్పుడు శేషగిరిగారు అంటన్నారు, మీ నాలికే సరైందంట. మరైతే తీయించుకోకండి. సరిగ్గా సెప్పండి ఇకనుంచి. ఏది మంచిదో ఏరి పెట్టండి. మా వోళ్ళు పచ్చియ్యి అమ్ముకుంటారు. నా కాలు ఎలాగూ పోనాది. ఆళ్ళ బతుకులైనా ఉండనీండి."

ఇది ఎస్తేరు ఊహించలేదు. తిట్టి పంపేస్తుందనుకుంది. తిట్టడం కన్నా ఇదే బరువుగా ఉంది. ఈ మనిషికి తను ఏదైనా బాకీ ఉందంటే అది ఇదే. ఇంకో ఆరేళ్ళు బల్ల ముందు కూర్చుని ఉమ్మేస్తే తీరుతుందేమో.

"రత్నం, నేను ఇవాళ సరిగ్గా చెబుతాను. రేపూ చెబుతాను. మళ్ళీ ఒకరోజు విసుగొస్తుంది," అంది. "అప్పుడు తినేది ఎవరో నాకు తెలియదు. ఒక్క మనిషి నోటి మీద ఇంతమంది ప్రాణాలు పెట్టకూడదు. అది నా నోరైనా సరే. ముందే తెలుసుకోవాల్సింది."

"మరి మాకేటి దారి?"

"నేనున్నా లేకపోయినా పచ్చివి ఇక వెళ్ళవు. తొట్ల సంగతి పైవాళ్ళకు రాసి పంపాను, నిషేధం పెట్టారు. రేపటి నుంచి ఈ ఏటి చిప్ప పచ్చిగా అమ్మడానికి వీల్లేదు. ఉడికించినవే."

నూకరత్నం వలను ఒళ్ళోంచి కిందికి తోసేసింది. "ఎల్లిపోండి," అంది. "ఎల్లిపోండి డాక్టరమ్మా. మిమ్మల్ని నేను సూడలేను."

ఎస్తేరు ఏటిగట్టు మీదుగా నడిచి వచ్చేసింది. తాళ్ళకు వేలాడే చిప్పలు పాటుకు నీళ్ళు వెనక్కి తగ్గడంతో బయటపడి ఎండలో మెరుస్తున్నాయి. నీళ్ళలో ఎవరూ లేరు.

* * *

ఆపరేషనులో మొగ్గలతో పాటు నాలుక అంచు కొంత తీసేయాల్సి వచ్చింది. కట్లు విప్పాక దేవసహాయం గంజి తెచ్చాడు. ఆమె తాగింది. వేడి తెలిసింది. ఉప్పు తెలియలేదు. తీపి, పులుపు, చేదు ఏవీ తెలియలేదు. డాక్టరు కొన్నాళ్ళు చూద్దామన్నాడు. కొన్నాళ్ళు గడిచాయి, ఏమీ రాలేదు. షారోను మంచం పక్కన కూర్చుని బిస్కెట్టు సగం కొరికి, "అమ్మా, ఇది తింటావా?" అంది అనుమానంగా. ఎస్తేరు తీసుకుని మిగతా సగం తినేసింది. తడి పిండి నమిలినట్టుంది. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. ఎస్తేరు ఆ పిల్ల నుదుటి మీద పెదాలు ఆనించి చాలాసేపు అలాగే ఉంచింది.

ఒకరోజు ఇంటి ముందు ఆటో ఆగింది. చంకల కింద కర్రలతో నూకరత్నం దిగింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, ఎటో చూస్తూ అడిగింది.

"ఉడకబెట్టిన మాంసం పేకెట్లు కడితే హోటలోళ్ళు తీసుకుంటామన్నారు. మొన్న పంపిన సరుకు పరీక్ష సేసి ఏదో పురుగు బతికుందని ఎనక్కి తిప్పేసేరు. ఎంతసేపు ఉడకాలా?"

"మీరెంతసేపు ఉడకబెడుతున్నారు?"

"చిప్ప నోరు తెరవగానే దించెత్తన్నాం. మాంసం గట్టిపడకుండా."

"అది చాలదు. నోరు తెరిచాక ఇంకో ఐదు నిమిషాలు మరగాలి. తెరవనిదాన్ని పారేయాలి. పద, చూపిస్తాను."

నూకరత్నం మొహం మీద ఏ భావమూ కనిపించలేదు. ఆటో ఎక్కాక మాత్రం పక్కకు జరిగి చోటిచ్చింది.

రేకుల షెడ్డులో ఇప్పుడు మూడు పెద్ద గుండిగలు పొయ్యిల మీద ఉన్నాయి. ఆవిరికి ఎదుటి మనిషి కనిపించడం లేదు. ఆడవాళ్ళు ఎస్తేరును చూసి మాటలాపేశారు. ఆమె కొంగు నడుముకు దోపుకుని ఒక గుండిగ దగ్గర నిలబడి, నీళ్ళు తెర్లే దాకా ఆగి, చిప్పలు పోయించింది. చిప్పలు ఒక్కొక్కటే నోళ్ళు తెరిచాయి. దించబోతున్న అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడు మొదలుపెట్టాలి లెక్క," అంది. గోడ మీది గడియారం వైపు చూపించింది. ముల్లు తిరిగింది. చెమటలు కారాయి. అయ్యాక చిల్లుల గరిటెతో తీసి పళ్ళెంలో పోశారు. తెరవనివాటిని నూకరత్నమే ఏరి బుట్టలో పారేసింది.

కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, ఎస్తేరు చిప్పలు రుచి చూసేదని విన్నదే తప్ప మిగతా కథ తెలియదు కాబోలు, ఒక మాంసం ముక్కను ఆకులో పెట్టి ఆమె ముందుకు చాచింది.

"రుసి సూడండమ్మా. బాగుందో లేదో మీరే సెప్పాలి."

షెడ్డులో ఎవరూ కదల్లేదు. నూకరత్నం కర్ర మీద వాలి ఎస్తేరు వైపు చూసింది, షామియానా వేసిన ఆ రోజు తర్వాత మొదటిసారి సూటిగా.

ఎస్తేరు ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది.

"నాకు తెలియదమ్మా," అంది. "గడియారం చూసుకోండి."

నూకరత్నం ఒక నిట్టూర్పు విడిచి పొయ్యి వైపు తిరిగింది. "ఇన్నారు గదా? ఏటలా సూస్తన్నారు. రెండో గుండిగలో ఎయ్యండి," అని కేకేసింది.